మా అయ్యోరు గెలిపించిన సమ్మె

పుస్తకాన్ని కోస్తుంటే చూడడం నాకు ఇప్పటికీ చేతకాదు. మా బావ చాలా నిదానంగా కోస్తాడు, కాదనను. అట్టను వెనక్కి వంచి, కుట్టు ఎక్కడ వదులుగా ఉందో వేలితో తడిమి చూసుకుని, పలుచటి ఉలి అంచు అక్కడ ఆనించి ఒక్కసారి నొక్కుతాడు. ఎన్నో ఏళ్ళు పలకరాయిని పొరలుగా విడదీసిన చెయ్యి అది. కాగితం చిరగదు, పొర పొరగా విడిపోతుంది. అయినా సరే ఆ చప్పుడు వినబడబోతోందనగానే నేను టీ పెట్టే నెపంతో లేచి అవతలికి పోతాను.

బావంటే సొంత బావ కాదు. నేను బస్సు కండక్టరుగా ఉన్న రోజుల్లో ఆయన పలకల కట్టలు బస్సు టాపు మీద వేసుకుని గిద్దలూరు వైపు పోతుండేవాడు. లగేజీ దగ్గర మొదలైన మా పోట్లాట చుట్టరికంలోకి దిగింది. ఇప్పుడు పలకలు కొనేవాళ్ళు తగ్గిపోయారు. మార్కాపురంలో ఆయన షెడ్డు సగం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ సగంలో ఆదివారం మధ్యాహ్నాలు మా పుస్తకాల సంఘం కూర్చుంటుంది. గచ్చు మీద ఎంత ఊడ్చినా నల్లటి రాతి పొడి పోదు. నా తెల్ల చీరలన్నీ ఆదివారాలకు బలైపోయాయి.

మా సంఘం పద్ధతి ఒకటుంది. ఏ పుస్తకమైనా మా దగ్గర ఒకటే ప్రతి ఉంటుంది. దాన్ని బావ పొరలుగా విడదీసి తలా ఒక పొర ఇస్తాడు. ఎవరి పొర వాళ్ళు ఇంటికి తీసుకుపోయి చదువుకుని, వరసలో తమ ఆదివారం వచ్చినప్పుడు అందరికీ చెప్పాలి. చెప్పేటప్పుడు కాగితాలు మూసి ఒళ్ళో పెట్టుకోవాలి. చూసి చదివితే ఒప్పుకోం. "చదివేదయితే మేమే చదువుకోమా, నువ్వు చెప్పు," అంటాడు బావ. అందరూ చెప్పడం అయ్యాక దబ్బనంతో, మైనం పూసిన దారంతో మళ్ళీ కుట్టి అలమరలో పెడతాడు. పద్ధతి బాగానే ఉంటుంది గానీ, పుస్తకం మొత్తం చదివినవాళ్ళు మాలో ఒక్కరూ ఉండరు.

నేను చెప్పబోయే పుస్తకాన్ని మా సంఘంలో డిగ్రీ చదివే అమ్మాయి విజయవాడ నుంచి తెచ్చింది. సముద్రం అవతల ఎక్కడో ఉన్న ఒక మహానగరం గురించి. ఆ నగరంలో మేయర్లు ఎలా గెలిచారు, చెత్త ఎత్తే కాంట్రాక్టులు ఎవరి చేతుల్లో ఉండేవి, వీధులు ఊడ్చేవాళ్ళు, కాలవలు తీసేవాళ్ళు ఏయే కాలంలో ఏమేం అడిగారు, అన్నీ ఉన్నాయి. దాని లావు చూసి నాకు విసుగొచ్చింది. పెద్ద పట్నాల రాజకీయం మనకెందుకే తల్లీ, మన కుళాయిల దగ్గర జరిగేది చాలదా అన్నాను. ఆ పిల్ల నవ్వి, "అదే పెద్దమ్మా, అక్కడ కూడా కుళాయిల కాడే మొదలైంది," అంది. తరువాత చూస్తే నిజమే. మొదటి రెండు ఆదివారాలూ మాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వడంతోనే సరిపోయింది. అంత పెద్ద నగరంలో ఒక నాయకుడు వీధి దీపాల స్తంభాలు చూపించి ఓట్లు అడుక్కున్నాడంటే, బావ తొడ మీద చరుచుకుని, "ఈయన మనోడే," అన్నాడు.

ఆ పుస్తకం మా అందరికంటే ఎక్కువగా పట్టింది నేను చెల్లెలని పిలుచుకునే ఒకామెకు. పెద్దారవీడు దగ్గర పల్లె ఆమెది. కాంట్రాక్టు కింద వీధులు ఊడుస్తుంది. ఏ ఊళ్ళోనో ఇక్కడ రాయను, బస్సులో రోజూ పోయి రాగలిగినంత దూరం. నా బస్సులోనే పరిచయం. సీట్లో ఎవరైనా వదిలేసిన పేపరు ముక్క ఉంటే చాలు, పెదాలు కదుపుతూ ఆఖరి అక్షరం వరకూ చదివేది. నేను రిటైరయ్యాక ఆమెను లాక్కొచ్చి సంఘంలో కూర్చోబెట్టాను. ఆదివారం చర్చి అయిపోగానే వస్తుంది. ఆమె సంచిలో బైబిలూ మా పుస్తకం పొరా పక్కపక్కన ఉంటాయి.

ఆమె తన పొర చెప్పిన ఆదివారం మాటల్లో మాటగా తమ సంగతి చెప్పింది. పొద్దు పొడవకముందు మొదలుపెట్టి ఊడ్చి ఊడ్చి, పని అయ్యాక మూసి ఉన్న దుకాణాల మెట్ల మీద కూర్చుని సద్ది తింటారు. షట్టర్ తీసే మనిషి రాగానే లేవాలి. "నోట్లో ముద్ద నోట్లోనే ఉంటాది అక్కా, గిన్నె పట్టుకోని లేస్తాం. తిట్టరులే, వాళ్ళ దుకాణం గదా. బట్ట మార్చుకోవాలన్నా, ఒంటికి పోవాలన్నా చోటు లేదు. ఒక రూము ఉంటే చాలు," అంది. అడగొచ్చుగా అని నేను గయ్యిమన్నాను. "అడుగుదామనే మాట్లాడుకుంటాన్నాం. ముందర నిలబడినోళ్ళ పని పోతే?" అంది. ముందు నిలబడవలసింది తనేనని ఆమె చెప్పలేదు గానీ మాకందరికీ అర్థమైంది. ఇంట్లో ఆమె కూలితోనే పొయ్యి వెలుగుతోంది. భర్త నడుము దెబ్బతిని ఏడాదిగా పనికి పోవడం లేదు.

తరువాతి పొర అయ్యోరిది. ఆయన ముండ్లమూరు వైపు పల్లెల్లో ఏళ్ళ తరబడి చిన్నపిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యారు. ఆయన చెబుతుంటే దోమ కుట్టినా తెలియదు. ఆయన పొరలో ఉన్నది సరిగ్గా సమ్మె గురించే. ఆ నగరంలో వీధులూడ్చే ఆడవాళ్ళు, మంచు కురిసే ఊళ్ళో తడిసిన బట్టలతో గడగడ వణుకుతూ, ఒళ్ళు కాచుకోవడానికి ఒక గది కావాలని చీపుర్లు కింద పెట్టేశారు. వాళ్ళ ముందు నిలబడిన మనిషి, అంతకు ముందు ఇళ్ళలో బట్టలు ఉతికిన ఆవిడ. చెత్త గుట్టలుగా పేరుకుంది. పేపర్లు తిట్టాయి. అయ్యోరు గొంతు తగ్గించి, పెంచి, చెల్లెలి వైపే చూస్తూ చెప్పారు. చివరికి మేయరే స్వయంగా నడుచుకుంటూ వచ్చి, కోటు జేబులోంచి తాళంచెవి తీసి, ఆవిడ చేతిలో పెట్టాడట. గదిలో పొయ్యి ముందే వెలిగించి పెట్టారట. మేము చప్పట్లు కొట్టాం. మేయరు తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతాడా అని నాకు ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ చెల్లెలి మొహం చూస్తే ఆ ప్రశ్న అడగబుద్ధి కాలేదు.

ఆ వారమంతా ఆమె ఊడ్చే చోట ఆ కథే చెప్పింది. వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే రోజు, అందరం కలిసి పోదామని తోటి ఆడవాళ్ళను ఒప్పించింది. ముందు తనే నిలబడతానంది. ఫోన్లో నాకు చెబుతున్నప్పుడు ఆమె గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆఖరి పొర నాది. ఆదివారం నేనే చెప్పాలి కాబట్టి శనివారం పొద్దున్నే తీసుకుని కూర్చున్నాను. రెండు పేజీలు తిరగేసేసరికి చికాకు మొదలైంది. సమ్మె జరిగిన చాలా ఏళ్ళ తరువాతి సంగతి అది. అందులో వీధులూడ్చేవాళ్ళు మళ్ళీ గది అడుగుతున్నారు. అదే వీధి, అదే గది. గెలుచుకున్న గదిని మళ్ళీ ఎందుకు అడుగుతారు? అనువాదం చేసినాయన నిద్రలో రాశాడేమోనని నాలుగు తిట్లు తిట్టి, వరస తప్పిందేమో చూద్దామని షెడ్డుకు పోయాను. బావ అప్పటికే వెనక్కి వచ్చిన పొరలన్నీ కుట్టడం మొదలుపెట్టాడు. అయ్యోరి పొర ఉన్నచోట తెరిచి నిలబడే చదివాను.

వాళ్ళు ఓడిపోయారు. మేయరు రాలేదు. తాళంచెవి లేదు. ఇళ్ళలో తిండి అయిపోయి, ఒక్కొక్కరే తలవంచుకుని చీపురు అందుకున్నారు. ముందు నిలబడ్డ ఆవిడను మళ్ళీ పనిలోకి తీసుకోనే లేదు. ఆవిడ తిరిగి ఇళ్ళలో బట్టలు ఉతికే పనికే పోయింది. బావకు చదివి వినిపించాను. ఆయన దబ్బనం పక్కన పెట్టి, "అయ్యోరు ఎంత పని చేసినాడే!" అని తల పట్టుకున్నాడు. మా పద్ధతిలోనే ఉంది తప్పు చేసే వీలు. ఇంకో ప్రతి ఉంటే, ఇంకొకరు ఆ పేజీలు చదివి ఉంటే, ఆయన అంత ధైర్యం చేసేవారు కాదు.

కోపంతో ఆటో ఎక్కి అయ్యోరింటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని చేటలో కందులు బాగుచేస్తున్నారు. నన్ను చూడగానే ఆయనకు తెలిసిపోయింది. చేట కింద పెట్టారు.

"ఎందుకట్ల చెప్పినారు?" అన్నాను.

"ఆ బిడ్డ మొగం చూసినావా నువ్వు? ఓడిపోయినారని చెప్పేదానికి నాకు నోరు రాలేదు. అప్పటికప్పుడు వచ్చేసింది ఆ మేయరు, తాళంచెవి," అన్నారు. "పిల్లోళ్ళకు చెప్పేటప్పుడు ఏడిపించి ఇంటికి పంపించకూడదు, అది నాకు అలవాటు."

"ఆమె పిల్లోళ్ళ కింద లెక్కా?"

"సోమవారం దాకా ఊరుకో తల్లీ. పోనీయి. ధైర్యంగా పోతే గెలుస్తారేమో. ఇప్పుడు చెప్పినావంటే ఆగిపోతారు. నువ్వు కండక్టరువి, టికెట్టు లేనోణ్ణి దింపేదొక్కటే నీకు తెలుసు."

"టికెట్టు లేకుంటే టికెట్టు కొట్టి కూర్చోబెడతా అయ్యోరూ, దింపను. మీరు బోర్డు మార్చి బస్సు ఎక్కించినారు," అన్నాను. ఆయన మళ్ళీ చేట అందుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కోపం కొంచెం చల్లారింది గానీ, పట్టు వదల్లేదు. ఆగిపోతారేమోనన్న భయం నాకూ ఉంది. ఆ భయంతో నేనే ఊరుకుంటానేమోనని గేటు దాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోయి, రేపు మీరే చెప్పాలి, నేను చెప్పను అని ఖచ్చితంగా చెప్పి వచ్చాను.

ఆదివారం ఆయన చెప్పారు. ఈసారి గొంతు పెంచడాలు, తగ్గించడాలు లేవు. ఓడిపోయారని, తనే మార్చానని, క్షమించమని రెండు ముక్కల్లో చెప్పి చేతులు జోడించారు. చెల్లెలు తల వంచి గచ్చు వైపు చూసింది. ఏడుస్తుందేమోననుకున్నాను. కానీ తల ఎత్తినప్పుడు ఆమె కళ్ళలో ఉన్నది కోపం.

"పిల్లోళ్ళకు జొరమొచ్చినప్పుడు మాత్ర తియ్యగుంటాదని నేను కూడా చెప్తా అయ్యోరూ. నాకెందుకు చెప్పినారు అట్ల? పని పోతాదేమోనని మాకు ముందే తెలుసు. తెలిసే మాట్లాడుకున్నాం. మీ కథ వినకముందే మాట్లాడుకున్నాం." సంచి దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు వాళ్ళకు నేనేం చెప్పాల? మేయరొచ్చి తాళంచెవి ఇచ్చినాడని చెప్పినా. వాళ్ళు నమ్మింది మిమ్మల్ని కాదు, నన్ను."

సంచి తీసుకుని బయటికి నడిచింది. ఆపుదామని లేచాను, బావ వద్దన్నట్టు చెయ్యి చూపాడు. ఇంక ఆమె మా సంఘానికి రాదనీ, సోమవారం ఎక్కడికీ పోదనీ నేను నిశ్చయం చేసేసుకున్నాను. ఈ పుస్తకాల పిచ్చిలోకి ఆమెను లాగింది నేనే గదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. తలుపులోంచి చూస్తే ఆమె పోలేదు. బయట రాతి ముక్కల గుట్ట పక్కన నిలబడి ఉంది. కాసేపటికి లోపలికి వచ్చి మళ్ళీ తన చోటనే కూర్చుంది.

"నీ పొర చెప్పక్కా. ఆఖరిది," అంది.

నేను కాగితాలు మూసి ఒళ్ళో పెట్టుకుని చెప్పాను. సమ్మె ఓడిపోయిన రోజుల్లో తల్లుల వెంట చెత్తబండి తోసిన పిల్లలే పెద్దయి, అదే పనిలోకి వచ్చి, అదే గది అడిగారు. ఈసారి వచ్చింది. గది తెరిచిన రోజున, అప్పుడు ముందు నిలబడ్డ ఆవిడ ఫోటో గోడకు పెడదామనుకున్నారట. ఊరంతా అడిగినా ఆవిడ ఫోటో ఎవరి దగ్గరా దొరకలేదట.  చెల్లెలు ఒక్క మాట కూడా వదలకుండా విని, బావ వైపు తిరిగి, "మామా, ఆ రెండు పొరలూ నాకియ్యి," అంది.

బావ అప్పటికే అయ్యోరి పొరను లోపల వేసి కుట్టేశాడు. అయినా ఉలి తీసుకున్నాడు. ఆ ఒక్కసారి మాత్రం నేను టీ పెట్టడానికి లేవలేదు. కూర్చుని చూశాను. దారం తెగింది, పొర బయటికి వచ్చింది. ఆమె దాన్ని నా పొరతో కలిపి సంచిలో బైబిలు పక్కన పెట్టుకుంది.

సోమవారం నేనూ ఆమె ఊడ్చే ఊరికి పోయాను. పని అయిపోయి ఆడవాళ్ళు దుకాణాల మెట్ల మీద సద్దిగిన్నెలతో కూర్చున్నారు. ఆమె నిలబడి మొత్తం చెప్పింది, కాగితాలు సంచిలోంచి తియ్యకుండా.

"మొన్న గెలిచినారంటివే?" అంది ఒకామె.

"నాకు అట్ల చెప్పినారు. నిన్న తెలిసింది. ఓడిపోయినారు. ముందర నిలబడినామెకు పని పోయింది. మనం కూడా ఇయ్యాల రూముతో రాకపోవచ్చు. ఎవరన్నా పోతానంటే పొండి, నేనేమీ అనుకోను."

ఇద్దరు లేచారు. గిన్నెలు సర్దుకుని, ఆమె మొహం వైపు చూడకుండా పోయారు. మిగతావాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.  అయ్యోరి మాటే నిజమైపోతోందనుకున్నాను. అప్పుడు వాళ్ళలో అందరికంటే పెద్దామె అడిగింది. "ఆయమ్మ ఫోటో కూడా లేదా?"

"లేదంట."

పెద్దామె గిన్నె మూత పెట్టి, కొంగు నడుముకు చుట్టి దోపుకుని లేచింది. "పాండి పోదాం," అంది. అందరూ లేచారు. చెల్లెలు ముందు నడిచింది. నేను వెనకాల నడిచాను. బస్సులో కంటే ఆ రోజు గట్టిగా జరగండి జరగండి అని అరిచి ఆఫీసు ముందు వాళ్ళకు దారి చేశాను.

గది ఆ రోజు రాలేదు. అధికారి కూర్చోబెట్టి విన్నాడు, చూస్తామన్నాడు. మళ్ళీ పోయారు. మళ్ళీ చూస్తామన్నాడు. మళ్ళీ పోయారు. చెల్లెలి పని మాత్రం పోలేదు. ప్రతిసారీ అంతమంది కలిసి రావడం చూసి ఎవరూ ఆమెను వేలెత్తి చూపలేదు. చివరికి మార్కెట్టు పక్కన పాత బళ్ళు పడేసే గది ఒకటి ఖాళీ చేయించి, ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి, ఒక ఫ్యాను పెట్టించారు. మేయరూ రాలేదు, తాళంచెవి వేడుకా జరగలేదు. వాళ్ళే కడిగి, వాళ్ళే సున్నం వేసుకున్నారు. మా డిగ్రీ అమ్మాయి పోయి ఫోటో తీసింది. ఆ రోజు లేచిపోయిన ఇద్దరినీ చెల్లెలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ముందు వరసలో నిలబెట్టింది. ఆ ఫోటో ఇప్పుడు ఫ్యాను కింద గోడకు ఉంది.

మా అలమరలో ఆ పుస్తకం సన్నగా, రెండు పొరలు తక్కువగా ఉంది. బావ వాటిని తిరిగి అడగలేదు. అయ్యోరు మూడు నాలుగు ఆదివారాలు మొహం చాటేసి, తరువాత చెల్లెలే ఇంటికి పోయి పిలిస్తే వచ్చారు. ఇప్పుడు ఏ పుస్తకమైనా ఒక్కో పొర ఇద్దరు చదువుతున్నాం.

మొన్న ఆయనా నేనూ ఆ గది చూడడానికి పోయాం. కొత్తగా పనిలో చేరిన పిల్ల ఒకతి ఉంది, ఇంకా చీపురు పట్టడం సరిగా రాలేదు, అరచేతులు బొబ్బలెక్కాయి. చెల్లెలు ఆ పిల్లకు టీ గ్లాసు ఇచ్చి, ఎదురుగా కూర్చుని ఆ కథ మొదలుపెట్టింది. అయ్యోరు తల వంచుకుని వింటున్నారు.

"ముందే చెప్తాన్నా," అంది, "వీళ్ళు ఓడిపోయినారు."

ఆ పిల్ల గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. "మరి నాకెందుకక్కా చెప్తావు?" అంది.

"చెప్తా ఉండు. కూర్చో ముందు, లేపేవాళ్ళెవరూ లేరు ఈడ."